గోడ మీది ఎలుగులా, చేతిలోని గిన్నెనా?

రష్యా చిత్రకళ అంటే చాలామంది ముందు మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీ పేరే ఎత్తుతారు. నిజమే, అక్కడున్న చిత్రకారుడు షీష్కిన్ పెయింటింగ్ ‘పైన్ అడవిలో ఉదయం’ (1889) రెండు మీటర్లకు పైగా వెడల్పుంటుంది, పొగమంచు, విరిగిపడ్డ చెట్టు, దాని మీదికి పాకుతున్న ఎలుగు పిల్లలు. తమాషా ఏంటంటే ఆ ఎలుగుల్ని వేసింది షీష్కిన్ కాదు, స్నేహితుడు సవీత్‌స్కీ. బొమ్మ కొన్న త్రెత్యకోవ్ (ఆ గ్యాలరీ స్థాపించినాయన) సవీత్‌స్కీ సంతకాన్ని చెరిపేశాడు, పాపం!

నన్నడిగితే ఖోఖ్లొమా అనే రష్యా రంగుల చెక్క గిన్నెకే నా ఓటు. నీజ్నీ నొవ్‌గొరద్ ప్రాంతంలో మెత్తటి లిండెన్ చెక్కను మన ఏటికొప్పాక వాళ్లలాగే లేత్ మీద తిప్పి, పలచగా బంకమట్టి పూసి, నూనె పట్టించి, తగరం పొడి (ఇప్పుడైతే అల్యూమినియం) రుద్దుతారు. అప్పటికది వెండి గిన్నెలా ఉంటుంది. దాని మీద ఎరుపు, నలుపు రంగుల్లో ఆకులు, పళ్లు వేసి, వార్నిష్ పూసి బట్టీలో పెడితే, వేడికి వార్నిష్ పసుపెక్కి అడుగునున్న వెండి కాస్తా బంగారంలా కనబడుతుంది. వీసమెత్తు బంగారం లేకుండానే!

పెయింటింగ్‌ను తాడు అవతల నుంచి చూడాలి, ఇదైతే చేత్తో పట్టుకోవచ్చు, సూప్ పోసుకోవచ్చు. లోతు, వెలుగునీడల ఆట కావాలంటే మాత్రం షీష్కినే, అందులో గిన్నె పోటీకి రాదు. అయినా ఈ రెండు లోకాల మధ్య గోడ అంత గట్టిదేం కాదు లెండి, 1890ల్లో మొదటి మత్ర్యోష్కాకు (ఒకదానిలో ఒకటి ఇమిడే చెక్క బొమ్మ) రంగులు వేసింది పేరుమోసిన చిత్రకారుడు మల్యూతినే.