బూడిద కింద మక్క చేను: ఎల్ సాల్వడార్‌లో నాలుగు రోజులు

పిరమిడ్ల కోసమైతే గ్వాటెమాలా వెళ్లండి. మాయా నాగరికత నాటి రైతు ఇల్లు, చేను చూడాలంటే మాత్రం ఎల్ సాల్వడార్‌లోని హోయా దె సెరెన్ అనే పాత పల్లెను మించింది నేను చూడలేదు.

క్రీ.శ. 600 ప్రాంతంలో పక్కనున్న లోమా కాల్దేరా అగ్నిపర్వతం బద్దలై ఈ పల్లెను నాలుగు నుంచి ఆరు మీటర్ల బూడిదలో పూడ్చేసింది. 1976లో బుల్డోజర్ తవ్వుతుంటే గోడలు బయటపడ్డాయి. 1978 నుంచి పురావస్తు శాస్త్రవేత్త పేసన్ షీట్స్ బృందం తవ్వకాలు జరిపింది. శవాలు దొరకలేదు, ఊరంతా పరుగెత్తి ఉంటారు.

మొక్కలు కుళ్లిపోయి బూడిదలో బొరియలు మిగిలితే, వాటిలో ప్లాస్టర్ పోసి అచ్చులు తీశారు. బోదెల మీద మక్క కర్రలు, పండినవాటిని నడుముకు వంచి కంకుల్ని చేలోనే ఎండనిచ్చారు. అగ్నిపర్వతం బద్దలైంది ఆగస్టులో అయి ఉంటుందని లెక్కగట్టడానికి ఆ వంపు కూడా ఒక ఆధారం. మా జగిత్యాల వైపు కంకులు విరిచి, గింజలు వొలిచి రోడ్డు మీద ఆరబోస్తాం. ఈ పద్ధతి మా నాన్నకు చూపించాలనిపించింది.

తవ్వకాల్లో పదో నంబరు ఇచ్చిన ఇల్లు పండుగలదట. అక్కడ జింక పుర్రెతో చేసిన శిరోభూషణం దొరికింది. విందు కోసం మక్కలు నిల్వ చేసి, సన్నికల్లు లాంటి రాళ్ల మీద నూరేవారు. పన్నెండోది సోదె చెప్పే ఆమెదంటారు. ఇళ్లను రేకుల కప్పు కింద, జాలీ అవతల నుంచే చూడాలి. ఫొటోలు సరిగా రావు. మా గైడు స్పానిష్‌లోనే చెప్పాడు, మా అమ్మాయి తర్జుమా చేయకపోతే సగం అర్థమయ్యేది కాదు. ఆవిరి స్నానపు గది నమూనాలోకి మాత్రం వంగి దూరొచ్చు.

మొదటిసారి సోమవారం వెళ్లి మూసిన గేటు చూసొచ్చాం. తప్పు మాదే, ముందు కనుక్కోలేదు. శాన్ సాల్వడార్ నుంచి 108 నంబరు బస్సుంది; మేం కారు మాట్లాడుకుని దగ్గర్లోని శాన్ ఆంద్రెస్ శిథిలాలు కూడా చూశాం. తసుమాల్ అనే ఇంకో శిథిలాల చోటు దూరం, పైగా అక్కడి కట్టడానికి సిమెంటు పూత పూశారు. టైం లేకపోతే వదిలేయండి.

రాజధానిలో బస చేసిన చోట ఎయిర్‌పోర్టుకు కారు పంపుతామన్నారు, గంటసేపు చూసినా రాలేదు. సుచితోతో అనే ఊళ్లో గది చిన్నదే, కానీ హాయిగా నిద్రపోయాం. సెరెన్‌కు మాత్రం అది దూరం.

శాకాహారులకు పుపూసాలే దిక్కు. సున్నపునీళ్లలో ఉడికించిన మక్కల పిండి రొట్టెలో బీన్స్, చీజ్ కూరుతారు. బీన్స్‌లో పందికొవ్వు పడుతుంది కాబట్టి "సిన్ మాంతేకా" అని ముందే చెప్పండి. మేం రెండో రోజు గానీ ఆ మాట నేర్చుకోలేదు.