"ఏసీ బాగుందమ్మా": ఎనిమిదేళ్లకు పైగా కొత్త సినిమాలు చూసినవాడి సమీక్ష

తిరుపతి బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జిలో నాది రాత్రి రిసెప్షన్ డ్యూటీ. పొద్దున ఆరింటికి దిగి, ఇంటికెళ్లి స్నానం చేసి, కొత్త సినిమా పడిన శుక్రవారమైతే మార్నింగ్ షోకి పోతాను. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు టికెట్ మీద ఎంత పడుతోందో మా ఓనర్ అడిగితే పాత బిల్లు పుస్తకం వెనకాల రాసి చూపించాను. వంద దాటిన టికెట్టుకి 28 శాతం, వందలోపు 18. అలా మొదలైన రాత ఆగలేదు. తేదీ, టికెట్ ధర, పక్కన ఒకటి రెండు మాటలు. ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది.

కాబట్టి ఏదో ఒక సినిమా గురించి రాయడం లేదు. మిక్సీకో ఇన్వర్టర్‌కో "ఇన్నేళ్లు వాడాక" అని జనం రాస్తుంటారే, అలాంటిది ఇది. వాడిన వస్తువు పేరు: పెద్ద హీరో కొత్త సినిమా, మొదటి వారం.

పేర్లు రాయను. ఒకసారి రిసెప్షన్‌లో నోరు జారి ఫలానా సినిమా బాగాలేదన్నందుకు కర్నూలు నుంచి వచ్చిన ఐదుగురు కుర్రాళ్లు గది ఖాళీ చేసి ఎదురు లాడ్జికి పోయారు. ఆ రోజు నుంచి కౌంటర్ దగ్గర సినిమా మాట ఎత్తొద్దని ఓనర్ ఆర్డర్.

అయినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. దర్శనం అయిపోయి రాత్రికి ట్రైన్ ఉన్నవాళ్లు గది ఖాళీ చేశాక ఎక్కడికి పోతారు? లగేజీ నా దగ్గర పెట్టి, గోవిందరాజస్వామి గుడి చూసొచ్చి, ఇంకా ఐదు గంటలు మిగిలితే సినిమాకి పోతారు. అందుకే మా ఊరి హాళ్లలో ఇంకో ఊళ్లో కనబడనిది ఒకటి కనబడుతుంది: ముందు వరసలో గుండ్లు. పొద్దున్నే కల్యాణకట్టలో గీయించుకుని చందనం పూసుకున్న గుండ్లు. తెర మీద పేలుడు జరిగితే అవన్నీ నారింజ రంగు, రాత్రి సీనొస్తే నీలం. ఒకసారి నా ముందు అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, నాలుగూ గుండ్లే. ఇంటర్వెల్ దాకా నాలుగూ నిటారుగా ఉన్నాయి. సెకండాఫ్ మొదలైన పావుగంటకు చిన్నది వాలింది. తర్వాత నాన్నది. విలన్ ఫ్లాష్‌బ్యాక్‌లో అమ్మది. క్లైమాక్స్‌లో తుపాకులు మోగుతుంటే నాలుగోది పక్క సీటాయన భుజం మీద ఉంది. ఆయన కదిలించలేదు. ఆయనా నిద్రపోతున్నాడు.

రాత్రంతా క్యూ కాంప్లెక్సులో కూర్చొని వచ్చిన మనిషి నిద్రపోతే అది సినిమా తప్పా అని మీరు అడగొచ్చు. నేనూ రాత్రంతా మేలుకుని వచ్చినవాణ్ణే. బాగున్న సినిమాకి నా కన్ను మూతపడదు, ముందు వరస గుండ్లూ వాలవు. చాలాసార్లు చూశాను. నా పుస్తకంలో స్టార్లు ఉండవు, గుండ్ల లెక్కే ఉంటుంది.

ఇన్నేళ్ల వాడకంలో బయటపడిన పెద్ద లోపం సెకండాఫ్. ఇంటర్వెల్ బ్యాంగ్ ఏం పెట్టాలో ముందు అనుకుని, అక్కడికి చేరడానికి ఫస్టాఫ్ రాసుకుంటున్నట్టున్నారు. అది పేలుతుంది, లైట్లు వెలుగుతాయి, బయట సమోసాల దగ్గర అందరూ "సూపర్ మామా" అంటారు. ఆ తర్వాత మిగిలిన గంటన్నరకు వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. ఒక ఫ్లాష్‌బ్యాక్, ఒక చావు, ఒక ఐటమ్ సాంగ్, గోడౌన్‌లో ఫైటు. చివర్లో "రెండో భాగంలో చూడండి" అని ఒక బోర్డు. బాహుబలి 2015లో ఒక ప్రశ్న మిగిల్చి ముగిసింది. ఆ ప్రశ్నకు జవాబు కోసం జనం 2017 దాకా ఆగారు. ఇప్పుడు చాలావాటికి ప్రశ్నే ఉండదు, బోర్డు మాత్రం ఉంటుంది.

రెండోది ఎలివేషన్. హీరో రాకముందే నలుగురు అతని గురించి మాట్లాడాలి. ఒక ముసలాయన వణుకుతూ చెప్పాలి, ఒక పోలీసాయన ఫైలు మూసేస్తూ చెప్పాలి, విలన్ తమ్ముడు నవ్వి ఆగిపోవాలి. అప్పుడు కాలు. తర్వాత చెయ్యి. తర్వాత వీపు. ఒక సినిమాలో టైటిల్స్ అయినప్పటి నుంచి హీరో మొహం పూర్తిగా కనబడేదాకా వాచీ పెట్టి చూస్తే పందొమ్మిది నిమిషాలు పట్టింది. మొదటిసారి ఒళ్లు పులకరిస్తుంది, కాదనను. నేనూ ఈల వేసినవాణ్ణే. కానీ సినిమా మొత్తం మీద ఇలాంటివి ఏడెనిమిది సార్లు జరిగితే మిగతా పాత్రలకు ఇక పనేముంటుంది? హీరో ఎంత గొప్పవాడో చెప్పి తప్పుకోవడమే. అతను గెలుస్తాడని పోస్టర్ చూసినప్పుడే తెలుసు. ఎలా గెలుస్తాడన్నది కూడా మొదటి ఫైటులోనే తేలిపోతుంది: చొక్కా నలగకుండా.

దీని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మా గంగమ్మ జాతర గుర్తొస్తుంది. ఈ మధ్య ప్రతి రెండో సినిమాలో ఒక జాతర పెడుతున్నారు కాబట్టి ఈ మాట చెప్పాల్సిందే. మంటలు, ఎర్ర లైట్లు, డ్రోన్ షాటు, వంద డప్పులు, మధ్యలో హీరో ఒళ్లంతా రంగు. మే నెలలో తిరుపతికి వచ్చి తాతయ్యగుంట దగ్గర నిలబడండి. ఒక రోజు బైరాగి వేషం, ఒళ్లంతా నామం సుద్ద. తర్వాత బండ వేషం, కుంకుమ. తోటి వేషం, బొగ్గు. ఆ తర్వాత దొర వేషం. ఎందుకిన్ని వేషాలంటే, ఆడవాళ్లను చెరిచే పాలెగాడొకడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మ రోజుకో వేషం కట్టి వీధి వీధీ తిరిగింది. వాడు రాలేదు. మర్నాడు ఇంకో వేషం. అయినా రాలేదు. చివరికి దొర వేషంలో వెళ్తే, ఎవరో పెద్దదొర వచ్చాడనుకుని బయటికొచ్చాడు, దొరికిపోయాడు. ఆ మర్నాటి మాతంగి వేషంలో, వాడి పెళ్లాన్ని ఓదార్చడానికి వెళ్లిందని చెప్తారు.

మళ్లీ చదవండి. అమ్మవారంత అమ్మవారికే మొదటి మూడు రోజులూ పని కాలేదు. విలన్‌కు భయం ఉంది, తెలివుంది. చంపాక అతని భార్య దగ్గరికి వెళ్లే సీను ఒకటుంది. మా వీధుల్లో పిల్లలకు కూడా తెలిసిన కథ ఇది. కోట్లు పోసి జాతర సెట్టు వేసినవాళ్లు రంగు మాత్రం తీసుకుపోయి కథను ఇక్కడే వదిలేశారు.

యాస సంగతి ఇంకో నొప్పి. 2021 డిసెంబరులో పుష్ప వచ్చాక చిత్తూరు యాసకు గిరాకీ వచ్చింది. సంతోషమే, అంతకుముందు మమ్మల్ని ఎవరు పట్టించుకున్నారు? తర్వాత వచ్చినవాటితోనే తంటా. పోపులో ఆవాలు వేసినట్టు ప్రతి వాక్యం చివర ఒక "ఉండాది" వేసేస్తే చిత్తూరు అయిపోతుందని అనుకుంటున్నారు. ఒకే పాత్ర ఒక సీనులో "వస్తా ఉండా" అంటుంది, ఇంకో సీనులో కడప మాదిరి "వస్తాండా" అంటుంది, కోపం వస్తే హైదరాబాద్ టీవీ యాంకర్ అయిపోతుంది. పుత్తూరు, నగరి దాటితే మాటలో అరవం కలుస్తుంది, కుప్పం దగ్గర అరవంతో పాటు కన్నడం కూడా. ఇదంతా ఎవరికి పట్టింది? సినిమా వ్యాపారంలో మేము "సీడెడ్". ఆ పేరు 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన జిల్లాలది. మా పాత చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అందులో చాలా భాగం ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చింది. అయినా బయ్యర్ల లెక్కలో అంతా ఒకటే మూట. డైలాగు రాసేవాళ్లు కూడా ఆ లెక్కే పట్టుకున్నట్టున్నారు.

అడవీ అంతే. ఒక సినిమాలో శేషాచలం అని చూపించారు. మోకాలెత్తు పచ్చగడ్డి, చెట్ల మీద నాచు, వాగులో నిండుగా నీళ్లు. ఎర్రచందనం పెరిగేది ఎండకు కాలిన రాళ్ల నేలలో. అలిపిరి మెట్లెక్కుతూ పక్కకు చూసినవాడికి కూడా ఆ సంగతి తెలుస్తుంది. నా పక్క సీటు కుర్రాడు "అన్నా, ఇది కేరళ కదా" అన్నాడు. వాడిది బైరాగిపట్టెడ, కేరళ ఎప్పుడూ చూడలేదు.

డబ్బు విషయం. 2019 జనవరిలో వంద దాటిన టికెట్ మీద పన్ను 18కి దిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద, అంతకులోపు టికెట్లకు 5 శాతమే. చదివి సంబరపడ్డాను. పెద్ద సినిమాకు ప్రభుత్వం ప్రత్యేకంగా జీవో ఇచ్చి మొదటి కొన్ని రోజులు రేటు పెంచుకోనిస్తుంది కాబట్టి, నేను కూర్చునే వరసకు ఆ 5 శాతం ఎప్పుడూ రాదు. పెంచితే పెంచారు. నాకు మండేది ఇంకోటి: శుక్రవారం అంత పెట్టి చూస్తాను, ఆదివారం పేపర్లో "ప్రేక్షకుల కోరిక మేరకు పదిహేను నిమిషాలు ట్రిమ్ చేశాం" అని వస్తుంది. అంటే ఎక్కువ రేటు ఇచ్చినవాడికి కత్తిరించని బట్ట, తక్కువ ఇచ్చినవాడికి కుట్టిన చొక్కా. ఒకసారి రెండో వారంలో పాట కలిపారని తెలిసి మళ్లీ పోయాను. పాట బాగుంది. దానికోసం అంతకుముందున్న ఒక్క మంచి సీను తీసేశారు.

శబ్దం గురించి ఒక్కమాట చాలు: వెనకాల మోగే బీజీఎం కింద డైలాగు వినబడదు. ఫోన్లో అయితే కింద అక్షరాలైనా పడతాయి.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. విడుదలకూ ఓటీటీకీ మధ్య ఎడం పెంచాలి, ఖర్చులు తగ్గించాలి అని 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులే ఆపారు. ఇప్పుడు చాలా సినిమాలు నాలుగు వారాలకే వచ్చేస్తున్నాయి. మా రూమ్ బాయ్ రాత్రి రెండింటికి నా పక్క స్టూలు మీద కూర్చుని చూస్తుంటాడు. నేను మూడు గంటలు కూర్చున్న సినిమాను వాడు గంటా పది నిమిషాల్లో ముగించాడు. "ఏం రా, అంతా చూసినావా?" అంటే, "నడిచేవన్నీ జరిపేసినానన్నా" అన్నాడు. స్లో మోషన్ నడకలు తీసేస్తే అంతే మిగిలిందట.

నిడివితో నాకు గొడవ లేదు. మాయాబజార్ మూడు గంటలు దాటుతుంది, మా అమ్మకు అది ఇప్పటికీ చిన్న సినిమానే. విడుదలకు ముందు కొండకొచ్చి, దర్శనం చేసుకుని, గుడి బయట మైకుల ముందు "అవుట్‌పుట్ అద్భుతంగా వచ్చింది" అని చెప్పేవాళ్లతోనూ గొడవ లేదు. లోపల స్వామికి ఏం చెప్పుకున్నారో అది వాళ్లకూ ఆయనకూ మధ్య విషయం.

న్యాయంగా ఇది కూడా చెప్పాలి. పుస్తకంలో "మళ్లీ చూడాలి" అని రాసుకున్నవి లేకపోలేదు. ఎక్కువ చిన్నవే, మొదటి రోజు సగం హాలు ఖాళీగా ఉన్నవే. ఒకదాంట్లో ఒకడు బావమరిదిని అప్పు అడగడానికి వెళ్తాడు. కాఫీ తాగుతాడు, పిల్లల చదువులు అడుగుతాడు, కొత్త బండి బాగుందంటాడు, అప్పు అడక్కుండానే లేచి వచ్చేస్తాడు. గేటు దగ్గర చెప్పులేసుకోవడానికి రెండు సార్లు తడబడతాడు. సంగీతం లేదు. హాల్లో గుండ్లు ఆరున్నాయి, ఒక్కటీ వాలలేదు. ఆ సినిమా మంగళవారానికి ఎత్తేశారు. బుధవారం మళ్లీ పోదామనుకుని హాలు దాకా పోయి, వేరే పోస్టర్ చూసి వెనక్కొచ్చాను.

మొన్న శుక్రవారం ఇంకో పెద్దది పడింది. సర్టిఫికెట్ మీద రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాలు. సెకండాఫ్‌లో మొదటిసారి నేనూ వాలాను. శనివారం సాయంత్రం శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దావిడ, కొడుకు, కోడలు, మనవడు లగేజీ పెట్టి టోకెన్ తీసుకున్నారు. రాత్రి పదకొండింటికి ట్రైన్. సినిమా టికెట్లు అప్పటికే కొనేశారు.

"ఏటి బాబూ, సినిమా ఎలాగుంది?" అంది పెద్దావిడ.

ఓనర్ పక్కనే నోట్లు లెక్కపెడుతున్నాడు. తలెత్తి నన్నే చూస్తున్నాడు.

"హాల్లో ఏసీ బాగుందమ్మా" అన్నాను.

ఆవిడ నా మొహం ఒకసారి చూసి, లోపలికి తీసుకెళ్తున్న సంచీని వెనక్కి అడిగి, అందులోంచి ఒక దుప్పటి తీసి చంకలో పెట్టుకుంది.