ట్రెక్కింగ్ రిపేర్ కిట్: ఏళ్ళ తరబడి మోశాక నా సంచీలో మిగిలినవి

ముందే తేల్చి చెప్పేస్తున్నా, ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ రిపేర్ కిట్ కొనకండి. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే సావనదుర్గ, కుమార పర్వత, గండికోట అని బయల్దేరే మనలాంటి వాళ్ళకి దాంతో పనిలేదు. నేను మొదట కొన్నది అలాంటిదే, ఏ కంపెనీదో చెప్పను. ఫొటోలో బోలెడు సామాను కనిపించింది. తీరా చూస్తే చిట్టి కత్తెర, లాగితే పుటుక్కున తెగే దారం, జిగురు ఎండిపోయిన ప్యాచ్‌లు. పర్సు మాత్రం బాగుంది, దాన్నే ఇప్పటికీ వాడుతున్నా. లోపలివన్నీ ఒక్కొక్కటిగా మార్చేశాను.

ఇన్నేళ్ళు వాడాక నేను పెట్టుకున్న లెక్క ఒకటే. కొండమీద, చీకట్లో, తడి చేతులతో, హెడ్‌ల్యాంప్ వెలుగులో పది నిమిషాల్లో తేలే పనికి ఉపయోగపడేది సంచీలోకి, రాత్రంతా ఆరాల్సినవీ టేబుల్ కావాల్సినవీ ఇంట్లోకి. ఈ లెక్కన చూస్తే చాలామంది ముందుగా పెట్టుకునే జిగురు ట్యూబులే ముందు బయటికి పోతాయి. గేర్ ఎయిడ్ సీమ్ గ్రిప్ లాంటి యూరెథేన్ జిగురు మంచిదే, కాదనను, టెంటు కుట్ల దగ్గర నీళ్ళు దిగకుండా ఆపడంలో దానికి సాటి లేదు. కానీ అది గట్టిపడటానికి ఒక పూర్తి రాత్రి కావాలి. పైగా ఒకసారి మూత తీశారంటే గాల్లో తేమకే ట్యూబులో గడ్డకట్టడం మొదలుపెడుతుంది, తర్వాతి ట్రెక్‌లో తీసి నొక్కితే ఏమీ రాదు. ఫ్రీజర్లో పెడితే ఎక్కువ కాలం ఉంటుంది, అందుకే నాది ఇంట్లో ఐస్ ట్రే పక్కనే ఉంటుంది. మా ఆవిడ దాన్ని పారేయనందుకు థాంక్స్.

సంచీలో నంబర్ వన్ టేపు. గుడ్డ చిరిగితే టెనేషియస్ టేప్ (టెంటు, జాకెట్ గుడ్డల మీద అతికించే రిపేర్ టేపు), మిగతా అన్నింటికీ డక్ట్ టేపు. ఈ రెండూ వేరువేరు పనులకి, ఒకదాని బదులు ఇంకోటి వాడితే తర్వాత బాధపడతారు. డక్ట్ టేపు ఎండకి మెత్తబడి గుడ్డ మీద బంక వదిలేస్తుంది, ఆ బంక గీకకుండా దానిమీద మంచి టేపు వేసినా నిలవదు. అందుకే దాన్ని బూటుకీ, పోలుకీ, చేతికర్రకీ తప్ప టెంటు గుడ్డ దగ్గరికి రానివ్వను. రోలంతా మోయక్కర్లేదు, కొంచెం నీళ్ళ బాటిల్ చుట్టూ చుట్టుకుంటే చాలు.

టెనేషియస్ టేప్ అతికించడానికి ఒక పద్ధతి ఉంది, అది పాటిస్తే ఉతికినా ఊడదు. మెడికల్ షాపులో ఇంజెక్షన్‌కి ముందు తుడిచే చిన్న స్పిరిట్ స్వాబ్‌లు దొరుకుతాయి, అవి నాలుగైదు పెట్టుకోండి. చిరిగినచోట తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, చిరుగు దాటి అన్ని వైపులా రెండు మూడు సెంటీమీటర్లు వచ్చేలా ముక్క కత్తిరించాలి, మూలలు గుండ్రంగా చేయాలి. పదును మూల ఉంటే సంచీలో రాపిడికి అక్కడే లేచి మొత్తం ఊడొస్తుంది. లోపలా బయటా రెండు వైపులా వేస్తే ఇంకా మంచిది. తడిమీద మాత్రం అంటదు, వానలో అయితే ముందు టెంటు లోపలికి లాక్కుని పొడి బట్టతో రుద్దాలి. ఇంకో సంగతి, మీ టెంటు సిలికోన్ పూసిన నైలాన్‌ది అయితే ఈ టేపు దానికి పట్టదు, సిలికోన్ జాతి జిగురే కావాలి. మనవాళ్ళు ఎక్కువగా వాడే మామూలు పాలిస్టర్ టెంట్లకి ఆ గొడవ లేదు.

తర్వాత జిప్పు. నా అనుభవంలో టెంట్లలో ముందు చచ్చేది ఇదే, గుడ్డ కాదు. జిప్పు మూసినా వెనకాల పళ్ళు విడిపోతున్నాయంటే తొంభై శాతం తప్పు పళ్ళది కాదు, పట్టుకుని లాగే రన్నర్‌ది. దుమ్ము, ఇసుక రాపిడికి దాని నోరు కొంచెం వెడల్పవుతుంది, పళ్ళని గట్టిగా కలపలేదు. చిన్న ప్లయర్‌తో రన్నర్‌ని ఒక పక్క కాస్త, రెండో పక్క కాస్త నొక్కి, జిప్పు లాగి చూసి, మళ్ళీ ఇంకాస్త నొక్కాలి. ఒకేసారి బలంగా నొక్కితే రన్నర్ పగులుతుంది, అక్కడితో ఆ రాత్రి దోమలకి విందు. ఈ నొక్కుడు వైద్యం ఆ ట్రిప్పు దాటిస్తుంది అంతే, వచ్చాక రన్నర్ మార్చాల్సిందే. చాలా రన్నర్లకి వెనకవైపు 3, 5, 8, 10 లాంటి సైజు నంబర్ ఉంటుంది, స్ప్రింగులా చుట్టిన పళ్ళదా, విడివిడి ప్లాస్టిక్ పళ్ళదా అన్నది కూడా చూసుకోవాలి, రెంటికీ ఒకే రన్నర్ పట్టదు. బెంగళూరు చిక్కపేట సందుల్లో టైలరింగ్ సామాన్ల షాపులుంటాయి, పాతది పట్టుకెళ్ళి చూపిస్తే వాళ్ళే తీసిస్తారు, టీ ఖర్చులో అయిపోతుంది. నేను టెంటుకి ఒకటి, బ్యాగుకి ఒకటి సరిపడా రన్నర్లు సంచీలోనే ఉంచుతా. పాత టూత్‌బ్రష్, కొవ్వొత్తి ముక్క కూడా. బ్రష్‌తో మట్టి దులిపి మైనం రుద్దితే సగం జిప్పులకి ఏ రిపేరూ అక్కర్లేదు.

ఇక బూట్లు. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ట్రెక్కింగ్ బూట్లలో మధ్య పొర పాలీయురెథేన్‌ది అయితే అది గాల్లో తేమని పీల్చుకుంటూ లోపల్లోపలే విరిగిపోతుంది. వాడకపోయినా సరే. ఇంకా చెప్పాలంటే, వాడకుండా అటక మీద పెట్టినవే ముందు పోతాయి, పైకి కొత్తవాటిలా మెరుస్తుంటాయి, రెండు గంటలు నడిచేసరికి సోల్ నోరు తెరుస్తుంది. కుమార పర్వత దిగుతుంటే, శేష పర్వతానికీ గిరిగద్దెకీ మధ్య, మా గుంపులో నెల్లూరు కుర్రాడి సోల్ అచ్చం ఇలాగే ఊడింది. "మామా, కొని మూడేళ్ళయినా పట్టుమని పది కిలోమీటర్లు నడవలేదురా" అని వాడు లబోదిబోమంటుంటే, పక్కనోడు ఫెవిక్విక్ తీశాడు. వద్దన్నాను. ఫెవిక్విక్ ఆరాక గాజులా గట్టిపడుతుంది, బూటు వంగే చోట రెండు అడుగులకే పగులుతుంది. పైగా కాటన్ సాక్సు మీద పడితే వేడి పుట్టి చర్మం కాలుతుంది కూడా.

మేం చేసిందేంటంటే, పాత సైకిల్ ట్యూబు కత్తిరించిన రబ్బరు రింగులు రెండు ముందు బిగించి, వాటిమీద కేబుల్ టైలు, ఆపైన డక్ట్ టేపు, చివరికి సన్నటి తాడుతో చీలమండ వరకు లాగి కట్టాం. చూడ్డానికి దరిద్రంగా ఉంది, కానీ కుక్కే సుబ్రహ్మణ్య వరకూ వచ్చింది. రాళ్ళ మీద రాపిడికి కేబుల్ టైలు తెగుతాయి, అందుకని అవి కాస్త ఎక్కువే పెట్టుకోండి, బరువేముంది. సోల్ పూర్తిగా అతికించడమంటే ఊరొచ్చాకే, రెండు వైపులా ఫెవిబాండ్ జిగురు రాసి, చేతికి అంటనంత ఆరాక ఒకటికొకటి నొక్కి, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర చుట్టూ కుట్టించాలి. మధ్య పొర పొడిపొడిగా రాలుతుంటే మాత్రం జిగురు దండగ, ఆ బూట్లకి దణ్ణం పెట్టేయండి.

గాలి పరుపు వాడేవాళ్ళకి మన గండికోట లాంటి చోట్ల పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు చాలు. చిల్లు వెతకడానికి గట్టిగా గాలి ఊది, తడిచేసిన చెంప దగ్గరగా పోనిస్తే గాలి చల్లగా తగులుతుంది, వెంటనే పెన్నుతో సున్నా చుట్టాలి, లేకపోతే మళ్ళీ దొరకదు. సైకిల్ పంక్చర్ సొల్యూషన్, ప్యాచ్ తెచ్చుకుందాం అనుకుంటారు చాలామంది, అది రబ్బరు ట్యూబు కోసం తయారైంది, నైలాన్ పరుపుల మీద నిలవదు. పరుపుతో పాటు వచ్చిన ప్యాచ్‌లే దాచుకోండి. నేనైతే విసిగిపోయి ఫోమ్ మ్యాట్‌కి మారిపోయా, లావుగా ఉంటుంది, బ్యాగు బయట వేలాడుతుంది, కానీ దానికి ముల్లు అంటే లెక్కలేదు.

టెంటు పోల్ విరిగితే దానిమీదకి జారే చిన్న గొట్టం ఒకటి ఉండాలి, అరచేయి పొడవు చాలు. మీ పోల్ ముక్క ఒకటి బెంగళూరు ఎస్.పి. రోడ్‌కి పట్టుకెళ్ళి, సరిపడే అల్యూమినియం గొట్టం కోయించి, అంచులు ఆకురాయితో నున్నగా చేయించండి. విరిగినచోట మధ్యకి జరిపి రెండు చివర్లా టేపు చుట్టాలి. ఫైబర్ పోల్ అయితే ముందు విరిగిన చోట టేపు వేయండి, ఆ పీచు వేలిలో దిగితే తీయడం నరకం.

కుట్టుపని సామాన్లలో రెండు లావు సూదులు, సోఫాలు కుట్టే నైలాన్ దారం, అంతే. చెప్పులు కుట్టే ఆరె కూడా కొన్నాళ్ళు మోశాను, బ్యాగు పట్టీ కుట్టడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ పని మా వీధి చివర కూర్చునే పెద్దాయన నాకంటే వంద రెట్లు బాగా చేస్తాడు, ఈలోపు రెండు పెద్ద పిన్నీసులు ఆ పట్టీని ఇంటిదాకా లాక్కొస్తాయి. రెయిన్ జాకెట్ మీద సూది పెట్టొద్దు, ప్రతి కుట్టూ ఒక చిల్లే, కుట్టక తప్పకపోతే దానిమీద టేపు వేయండి. బ్యాగు నడుం పట్టీ బకిల్ పగలడం మామూలే, కాబట్టి మీ పట్టీ వెడల్పు కొలిచి, కుట్టక్కర్లేకుండా మధ్య కడ్డీలో సందు ఉండి పట్టీ ఎక్కించుకునే రకం ఒకటి పెట్టుకోండి.

మొత్తం కలిపి పావు కిలో లోపే. విమానంలో హిమాలయాల వైపు వెళ్ళేవాళ్ళు ప్లయర్, బ్లేడు చెకిన్ బ్యాగులో వేసేయండి, లైటర్ ఇంట్లోనే వదిలేయండి, అది చెకిన్ బ్యాగులోనూ చేతి బ్యాగులోనూ పోనివ్వరు.