పాలకొల్లు బ్రోకరు కార్యాలయం ఇచ్చే డివిడెండ్ నివేదిక: ఒక ఖాతాదారు సమీక్ష

పాలకొల్లులో నాకు డీమ్యాట్ ఖాతా (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా) ఉన్న షేర్ బ్రోకరు శాఖ, కంపెనీలు తుది డివిడెండ్లకు రికార్డు తేదీలు (ఆ రోజున షేరు తమ పేర ఉన్నవారికే డివిడెండ్ వస్తుంది) ప్రకటించే వేసవి చివరి రోజుల్లో, తన ఖాతాదారులకు ఏటా ఒక డివిడెండ్ నివేదికను ఉచితంగా ఇస్తోంది. డివిడెండ్ అంటే కంపెనీ తన లాభంలోంచి షేరుకు ఇంతని వాటాదారులకు పంచే సొమ్ము. మన ఖాతాలోని ఒక్కొక్క కంపెనీ గత కొన్నేళ్లుగా చెల్లించిన డివిడెండ్లు, వాటి ఎక్స్-డేట్లు (ఆ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండ్ రాదు), ప్రస్తుత ధరపై డివిడెండ్ ఈల్డ్ (షేరు ధరలో ఏడాది డివిడెండ్ ఎంత శాతమో) అందులో వరుసగా ఉంటాయి. వరి మీద, చేపల చెరువుల మీద వచ్చిన మిగులును షేర్లలో పెట్టి ఏటా కొంత నికరాదాయం ఆశించే రైతు కుటుంబాలు, విశ్రాంత ఉద్యోగులు ఈ కాగితం చూసే నిర్ణయాలు తీసుకుంటున్నారు కనుక, అందులో ఏ వరుస నమ్మదగినదో, దేన్ని మళ్లీ లెక్కవేసుకోవాలో చెప్పడం అవసరమనిపించింది.

నివేదికలో మేలైన భాగం డివిడెండ్‌ను శాతాల్లో కాక రూపాయల్లో చూపడం. కంపెనీలు శాతాన్ని ముఖ విలువపై, అంటే బజారు ధరపై కాక షేరుకు కంపెనీ పెట్టిన మూల విలువపై, ప్రకటిస్తాయి. ఐటీసీ షేరు ముఖ విలువ 1 రూపాయి కాబట్టి 2024-25కు అది ఇచ్చిన 14.35 రూపాయలను 1,435 శాతమని కూడా రాయవచ్చు. మనకు అందే సొమ్ము మాత్రం షేరుకు 14.35 రూపాయలే. అదే కంపెనీ వరుసను వెనక్కి చదివితే 2020-21లో 10.75, తర్వాత 11.50, 15.50, 13.75 కనిపిస్తాయి. 2023-24లో డివిడెండ్ తగ్గిందని కంగారుపడేవారు, అంతకుముందు ఏడాది 15.50లో 2.75 రూపాయలు ప్రత్యేక డివిడెండ్ (ఆ ఒక్కసారికి అదనంగా ఇచ్చేది) అని గమనించాలి. దాన్ని తీసేస్తే మిగిలేది 12.75; అంటే మామూలు డివిడెండ్ 2023-24లోనూ పెరిగింది. ప్రత్యేక డివిడెండ్లను నివేదిక వేరే గుర్తుతో చూపుతోంది. ఇందుకు ఆ కార్యాలయ సిబ్బందిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

ఈల్డ్ వరుస మాత్రం ఈ శ్రద్ధకు తగినట్లు లేదు. గడచిన పన్నెండు నెలల్లో ఇచ్చినదంతా కలిపి, నివేదిక నాటి షేరు ధరతో భాగించి, ఎక్కువ ఈల్డ్ ఉన్న కంపెనీని జాబితాలో పైన పెడుతున్నారు. వేదాంత 2022-23లో షేరుకు మొత్తం 101.50 రూపాయలు ఇచ్చింది. మరుసటి ఆర్థిక సంవత్సరంలో 29.50 రూపాయలే ఇచ్చింది. మొదటి అంకెను చూసి కొన్నవారి ఆదాయం మూడోవంతుకన్నా తక్కువకు పడిపోయింది. 2023 జనవరిలో టీసీఎస్ ప్రకటించిన 75 రూపాయల్లోనూ 67 రూపాయలు ప్రత్యేక డివిడెండే. పైగా కంపెనీ పరిస్థితి దిగజారి షేరు ధర పడిపోయినప్పుడు, డివిడెండ్ ఒక్క పైసా పెరగకపోయినా ఈల్డ్ పెరిగినట్లే కనిపిస్తుంది. ఒక్క దాళ్వా (రెండో పంట వరి) బాగా పండిందని ఎకరం కౌలు ఖరారు చేయని మన ప్రాంతంలో, ఒక్క ఏడాది ఈల్డ్‌తో షేరు ఎంచుకోవడం తగదు. మామూలు డివిడెండ్ల మీద ఒకటి, ప్రత్యేక డివిడెండ్లు కలిపి మరొకటి, ఇలా రెండు ఈల్డ్‌లు వేయడం వారికి కష్టమేమీ కాదు.

రొయ్యల రైతులు తప్పక చూడవలసిన లోపం ఇంకొకటి ఉంది. కొవ్వూరు ప్రాంతంలో రొయ్యల మేత కర్మాగారం ఉన్న అవంతీ ఫీడ్స్, 2018లో 2 రూపాయల షేరును 1 రూపాయి షేర్లుగా విభజించి, ప్రతి రెండు షేర్లకు ఒక బోనస్ (ఉచిత) షేరు ఇవ్వడంతో, అప్పటి ఒక షేరు మూడు షేర్లయింది. నివేదిక పాత అంకెలను సవరించకుండా అలాగే ఉంచింది. 2018కి ముందు ఆ 2 రూపాయల షేరుపై ఇచ్చిన డివిడెండ్‌ను మూడుతో భాగించి నేటి అంకె పక్కన పెట్టుకుంటేనే పోలిక నిలుస్తుంది. లేకపోతే కంపెనీ డివిడెండ్ కోసేసిందన్న తప్పు అభిప్రాయం కలుగుతుంది.

మనం కొన్న ధరపై రాబడి ఎంతో నివేదికలో ఉండదు గానీ, అడిగితే కౌంటరు దగ్గర ఓపికగా లెక్కవేసి చెబుతారు. 2010లో కోల్ ఇండియాను ఇష్యూ ధర (ప్రజలకు షేర్లు మొదట అమ్మిన ధర) 245 రూపాయలకు తీసుకున్నవారికి, 2023-24 నాటి 25.50 రూపాయల డివిడెండ్ 10.4 శాతం రాబడి. అదే షేరును 400 రూపాయలకు కొన్నవారికి అది 6.4 శాతమే.

తేదీల విషయంలో నివేదిక కచ్చితంగా ఉంది. 2023 జనవరి చివరి నుంచి షేర్ల లావాదేవీలు మరుసటి పనిదినానికే పూర్తవుతున్నందున ఎక్స్-డేట్, రికార్డు తేదీ సాధారణంగా ఒకే రోజు వస్తాయి. ఆ రోజు కొన్నవారికి ఆ డివిడెండ్ రాదు, అంతకు ముందే కొనాలి. పన్ను గురించి ఒక్క ముక్క చేర్చి ఉంటే బాగుండేది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్‌పై పన్ను వాటాదారే కట్టాలి కాబట్టి, అందులో చూపే ఈల్డ్ పన్నుకు ముందరిది.

చివరి పేజీలో ఇంకా బ్యాంకు ఖాతాకు జమకాని డివిడెండ్ల పట్టిక ఉంటుంది. తాతల నాటి కాగితపు షేర్లు బీరువాల్లో ఉన్న ఇళ్లు ఈ డెల్టాలో తక్కువేమీ కాదు. ఏడేళ్లపాటు ఎవరూ తీసుకోని డివిడెండ్, దానితో పాటు ఆ షేర్లు కూడా, కేంద్ర ప్రభుత్వపు పెట్టుబడిదారుల విద్య, రక్షణ నిధికి బదిలీ అవుతాయి. తర్వాత కూడా హక్కుదారులు దరఖాస్తు చేసి తిరిగి పొందవచ్చు గానీ, వారసత్వ పత్రాలు, సంతకాల పరిశీలన అంటూ ఆ పని చాలాకాలం సాగుతుంది. అందుకని నివేదిక చేతికందగానే చివరి పేజీ ముందు తెరిచి, అందులో పేరున్న కంపెనీ రిజిస్ట్రార్‌కు (వాటాదారుల వివరాలు చూసే సంస్థకు) బ్యాంకు వివరాలు పంపించండి.