తెలుగు పత్రిక పాత సంచికలకు వర్డ్‌ప్రెస్ ఎంతవరకు తగినది?

ఒక చిన్న సాహిత్య మాసపత్రిక పాత సంచికలను వెబ్‌సైటులోకి ఎక్కించే పనిలో కొంతకాలంగా ఉన్నాను. కథలు, కవితలు, వ్యాసాలు, పుస్తక సమీక్షలు, పాత ఛాయాచిత్రాలు కలిసి పెద్ద రాశిగా ఉన్న ఆ సామగ్రిని పాఠకులు తేలికగా వెతుక్కొనేలా అమర్చడానికి మేము వర్డ్‌ప్రెస్‌ను ఎంచుకున్నాము. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003లో మొదలుపెట్టిన ఈ వెబ్‌సైటు నిర్మాణ సాఫ్ట్‌వేరు ఉచితంగానే లభిస్తుంది. ఖర్చంతా సర్వరు అద్దెకు, డొమైను పేరుకు అవుతుంది. దాని హంగులను పక్కనపెట్టి, రచనలను సర్దిపెట్టడానికి అది ఎంతవరకు పనికివస్తుందో మాత్రమే ఇక్కడ పరిశీలిస్తాను.

గ్రంథాలయంలో ఒక పుస్తకం ఒక్క అరలోనే ఉండగలదు. వర్డ్‌ప్రెస్‌లో ఒకే రచన ఎన్ని వర్గాల్లోనైనా ఉండవచ్చు, వర్గం కింద ఉపవర్గాలూ ఉండవచ్చు. ట్యాగులకు, అంటే రచనకు తగిలించే విషయసూచక మాటలకు, అలాంటి అంతస్తులు ఉండవు. ఈ తేడాను మేము మొదట పట్టించుకోలేదు. రచయిత పేరు, సంచిక నెల, ప్రక్రియ, విషయం అన్నింటినీ వర్గాలుగానే పెట్టుకుంటూ పోవడంతో కొన్ని వారాలకే ఆ జాబితా చదవడానికి వీలులేనంత పొడవైంది. తప్పు మాదే. ప్రక్రియలను మాత్రమే వర్గాలుగా ఉంచి, విషయాలను ట్యాగులకు మార్చాక చిక్కు విడిపోయింది. వర్గాన్ని తొలగించినా అందులోని రచనలు చెరిగిపోవు; వేరే ఏ వర్గమూ లేని రచన తనంతట తానే అప్రమేయ వర్గంలోకి (ఏ వర్గమూ ఎంచుకోనప్పుడు వర్తించే వర్గంలోకి) చేరుతుంది. అందువల్ల ఈ సర్దుబాటును నిర్భయంగా చేసుకోగలిగాము.

రచయితల పేర్లకు, సంచికలకు వేరే ఏర్పాటు అవసరమైంది. 2010లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 3.0 రూపం నుంచి సొంత రచనా రకాలను, సొంత వర్గీకరణలను నిర్వచించుకొనే వీలు బాగా పెరిగింది. దాని ఆధారంగా "పుస్తక సమీక్ష" అనే రకాన్ని, "రచయిత", "సంచిక" అనే వర్గీకరణలను విడిగా ఏర్పరచుకున్నాము. నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేరులో అత్యంత విలువైనది ఇదే. అయితే దీనికి కొంత కోడ్ రాసుకోవాలి, లేదా ఒక ప్లగిన్ (అదనపు సౌకర్యాన్ని చేర్చే చిన్న ప్రోగ్రాము) మీద ఆధారపడాలి. ఆ ప్లగిన్‌ను ఆపితే సమాచారం డేటాబేసులో భద్రంగానే ఉన్నా, డ్యాష్‌బోర్డులో, అంటే సైటును నిర్వహించే తెరలో, ఆ అర మొత్తం కనబడకుండా పోతుందని ముందే తెలిసి ఉండాలి.

తెలుగువారు అన్నింటికన్నా జాగ్రత్తగా చూడవలసినది స్లగ్ విషయం, అంటే ప్రతి రచన చిరునామాలో చివర వచ్చే భాగం. శీర్షిక తెలుగులో ఉంటే వర్డ్‌ప్రెస్ స్లగ్‌ను కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. కాని అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి, చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 స్థానాలను ఆక్రమిస్తుంది. అంటే హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటీ 9 స్థానాలు తీసుకుంటాయి. స్లగ్‌కు ఉన్న పరిమితి 200 స్థానాలు కాబట్టి దాదాపు 22 సంకేతాలకే అది నిండిపోతుంది. "తెలంగాణ గ్రామాల్లో గ్రంథాలయోద్యమం తొలి రోజులు" అనే శీర్షికనే తీసుకుంటే, స్లగ్ మూడో మాట మధ్యలో "గ్రంథ" దగ్గర తెగిపోతుంది. పైగా ఆ చిరునామాను కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే తరచుగా తెలుగుకు బదులు శాతం గుర్తుల వరుస కనబడుతుంది. శీర్షికను తెలుగులోనే ఉంచి, స్లగ్‌ను మాత్రం ఇంగ్లిషు లిపిలో మూడు నాలుగు మాటలకు కుదించి, ప్రచురించేముందే మన చేత్తో రాయడం మేలు.

"ప్రచురించేముందే" అన్న జాగ్రత్త రచనలకన్నా వర్గాలకు ఎక్కువ అవసరం. రచన స్లగ్‌ను తర్వాత మార్చినా పాత చిరునామాకు వచ్చినవారిని వర్డ్‌ప్రెస్ కొత్త చోటికి పంపిస్తుంది. వర్గాల స్లగ్‌ను మారిస్తే ఆ సదుపాయం లేదు. వర్గం పేరును ఎన్నిసార్లు దిద్దుకున్నా నష్టం లేదు, దాని స్లగ్‌ను మాత్రం కదిలించకూడదు.

మీడియా లైబ్రరీ నాకు తృప్తినివ్వలేదు. బొమ్మలను అది ఎక్కించిన సంవత్సరం, నెల ప్రకారం సర్వరులో దాస్తుందే తప్ప, మనకు కావలసిన ఫోల్డర్లు చేసుకొనే వీలు సహజంగా లేదు. పాత ఛాయాచిత్రాలు ఎక్కువగా ఉన్న మాలాంటివారు ప్రతి చిత్రానికీ శీర్షిక, వివరణ ఓపికగా రాసుకోవాలి.

అన్వేషణ కూడా తెలుగు వ్యాకరణం ఎరగనిదే. టైపు చేసిన అక్షరాల వరుస శీర్షికలో, సారాంశంలో, రచనలో ఉన్నదున్నట్టు దొరికితేనే చూపిస్తుంది. "గోదావరి" అని వెతికితే "గోదావరిలో", "గోదావరిపై" కూడా దొరుకుతాయి. "కథలు" అని వెతికితే "కథల్లో", "కథలను" దొరకవు. ట్యాగుల పేర్లనైతే అది అసలు చూడదు. అందుకని ప్రతి రచన సారాంశంలోనూ ముఖ్యమైన మాటలను ఏకవచనంలో ఒకసారి, బహువచనంలో ఒకసారి వచ్చేలా రెండు వాక్యాలు రాస్తున్నాము. రచనకు ఐదు నిమిషాలు అదనంగా పడుతున్నా, ఆ పనిని ఇప్పటివరకు ఏ రచనకూ వదిలిపెట్టలేదు.