ఫెడెర్కోనా, కార్బొనోనా: రెండో సెంటర్ ఎవరు?

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) చరిత్రలో తగినంత పేరు రాని ఆటగాళ్లతోనే ఫ్యాంటసీ (ఊహా) ఐస్ హాకీ జట్టును కూర్చేటప్పుడు, రెండో సెంటర్‌గా (దాడి వరుసలో మధ్యన ఆడేవాడిగా) బెర్నీ ఫెడెర్కోను తీసుకోవాలా, గై కార్బొనోను తీసుకోవాలా అన్న తర్జనభర్జన తప్పదు.

పాయింట్లలో (గోల్స్, అసిస్ట్‌ల మొత్తంలో) అసలు పోటీయే లేదు: ఫెడెర్కో 1,000 మ్యాచ్‌లలో 1,130 సాధించగా, కార్బొనో 1,318 మ్యాచ్‌లలో 663 దగ్గర ఆగాడు. వరుసగా 10 సీజన్లలో 50కి తగ్గకుండా అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసే పాస్‌లు) అందించిన తొలి ఆటగాడు ఫెడెర్కోయే. ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్‌స్కీ కాలంలో సెయింట్ లూయిస్ జట్టుకు ఆడటమే అతను చేసిన పాపం.

కార్బొనో విలువ అంకెలకు అందదు. 1993 ఫైనల్లో అతని జట్టు మాంట్రియల్ తొలి మ్యాచ్ ఓడిపోయాక, ప్రత్యర్థి జట్టులోని గ్రెట్‌స్కీని కట్టడి చేసే పనిని కోచ్‌ను అడిగి మరీ తీసుకున్నాడు. తర్వాతి నాలుగు మ్యాచ్‌లూ మాంట్రియల్‌వే. ఉత్తమ డిఫెన్సివ్ ఫార్వర్డ్‌కు (రక్షణలోనూ రాణించే దాడి ఆటగాడికి) ఇచ్చే సెల్కీ ట్రోఫీ అతనికి 3 సార్లు, లీగ్ విజేత జట్టుకు ఇచ్చే స్టాన్లీ కప్ 3 సార్లు దక్కాయి. ఫెడెర్కోకు కప్ దక్కనే లేదు.

ఆటగాళ్లను రౌండ్లవారీగా ఎంచుకునేటప్పుడు ఫెడెర్కో కోసం ముందు రౌండ్ ఖర్చవుతుంది, పైగా గోల్ కొట్టగల వింగర్లు (అంచుల్లో ఆడేవాళ్లు) పక్కన లేకపోతే అతని పాస్‌లు వృథా. కార్బొనో చివరిదాకా దొరుకుతాడు.

గోల్స్, అసిస్ట్‌లనే లెక్కించే లీగైతే ఫెడెర్కోను వదలకూడదు. మొదటి సెంటర్ ఇప్పటికే గోల్స్ వేసేవాడై, జట్టు సమతూకాన్నే చూసే పోటీ అయితే నా ఓటు కార్బొనోకే.