వేప నీడ గట్టు: ఐదు వేసవులు దాటిన మొక్కలు, దాటనివి

ముందు జాగా సంగతి. హన్మకొండలో ఇంటి వెనక గట్టు, పొడవు 30 అడుగులు, 15 అడుగుల మేర వాలి 5 అడుగుల కిందికి దిగుతుంది. ఎర్ర చల్క, అడుగు తవ్వితే మొరం. పైన రెండు ముదురు వేపచెట్లు. పొద్దున గంటన్నర ఎండ, తర్వాత పొద్దుగూకే దాకా నీడే. నర్సరీల్లో 'నీడ మొక్క' అని ఇచ్చేవి చాలావరకు వరండా కుండీకి సరిపోయేవి. చెట్టు కింది నీడ వేరు. అక్కడ వెలుతురు కన్నా ముందు నీళ్ల కొట్లాట ఉంటుంది. ఈ గట్టు మీద పోయిన మొక్కల్లో ఎక్కువ ఏప్రిల్, మే నెలల్లో వేప వేళ్లతో పోటీపడలేక ఎండిపోయినవే.

అన్నిటికన్నా గెలిచింది కనకాంబరం. ఎండలో పూసినంత పూయదు, కానీ వెన్నులు ఆగకుండా వస్తూనే ఉంటాయి. కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి: ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు, కొమ్మలతోనే పెంచాలి. గట్టు దానంతట అది నిండాలంటే గింజ కట్టే నాటు రకమే కావాలి. ఎండిన వెన్నును అరచేతిలో పెట్టి నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి. కాసేపటికి టప్‌మని కాయ చీలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. మృగశిర కార్తె తొలి వాన గట్టు మీద చేసే పనీ ఇదే. అందుకే తల్లి మొక్కలను పై వరుసలో, అడుగు దూరంలో పెట్టాలి, గింజలు కిందికి జారి వాలంతా మొలుస్తాయి. దీనికి తెగులు నేలలోనే ఉంది. ఆకు పసుపెక్కి మొక్క గిడసబారితే పీకి వేళ్లు చూడండి. ముడులు ముడులుగా ఉంటే నులిపురుగు, అంటే వేళ్లలో చేరే కంటికి కనపడనంత సన్న పురుగు (నెమటోడ్). ఆ గుంతలో మళ్లీ కనకాంబరం వద్దు. చుట్టుపక్కల మొక్కలకు తలా గుప్పెడు వేపపిండి వేస్తే కొంత ఆగుతుంది.

పై అంచుకు అడ్డసరం. అందం అంతంతే, కానీ మేక మూతి పెట్టదు, నీళ్లు తప్పినా తట్టుకుంటుంది. పెన్సిల్ లావు కొమ్మను మూడు నాలుగు కణుపులుండేలా కోసి వానల్లో గుచ్చితే చాలు. ఏటా వానలకు ముందు మోకాలెత్తుకు నరకకపోతే అడుగున బోడిగా మారి మట్టిని పట్టుకోదు. నందివర్ధనం వెలుతురు తగిలే అంచున మాత్రమే బాగుంది, లోపలికి పెడితే కొమ్మలు సాగుతాయి, మొగ్గ తక్కువ. రాత్రికి రాత్రి ఆకులు మాయమైతే కొమ్మల్లో వెతకండి, వేలెడు పచ్చ గొంగళిపురుగు, తల దగ్గర రెండు నీలి కళ్లలాంటి మచ్చలు. మందు అక్కర్లేదు, చేత్తో ఏరేస్తే సరి.

కింది అంచున మట్టి జారకుండా పట్టింది రియో, ఆకు పైన పచ్చ, అడుగున ఊదా. ముక్కాలడుగుకొకటి పెట్టాం. పెద్ద వానకు బురద కొట్టుకొచ్చి ఆకుల నడిమి సుడిలో నిండితే కుళ్లుతుంది, అందుకే ఎగువన వరిగడ్డి పరచాలి. రసం తగిలితే ఒళ్లు దురద, కాబట్టి చేతులకు తొడుగులు వేసుకోండి. స్నేక్ ప్లాంట్ గురించి చెప్పడానికేమీ లేదు, పెట్టిన చోట ఉంది.

నాటడంలో తప్పు జరిగేది గట్టంతా తవ్వడంతోనే. మొదటి వానకే మట్టి కిందికొస్తుంది. అడుగు గుంతలు మాత్రమే తీయాలి, బొటనవేలంత వేప వేరు తగిలితే నరకకుండా గుంతనే జరపాలి. మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలిపి, తీసిన మొరంతో దిగువ వైపు నాలుగు అంగుళాల అర్ధచంద్రపు కట్ట వేయాలి. వరుసలు ఒకదాని కింద ఒకటి కాకుండా, పై రెండు గుంతల నడుమ కింద ఒకటి వచ్చేలా చూడాలి. ఆరుద్ర లోపు ముగిస్తే పెద్ద వానలకు ముందే వేరు పడుతుంది. మిగిలిన మట్టిని వేప మొదట్లో పోయొద్దు.

డ్రిప్ పైపును వాలుకు అడ్డంగానే వేయాలి. పై నుంచి కిందికి వేస్తే వాల్వు కట్టాక పైపులో మిగిలిన నీళ్లన్నీ చివరి మొక్కల దగ్గరే కారి అవి కుళ్లుతాయి. గంటకు 4 లీటర్ల డ్రిప్పరును మొక్కకు అరడుగు ఎగువన పెట్టి, వేసవిలో రోజు విడిచి రోజు అరగంట చొప్పున రెండు విడతలు, మధ్యలో అరగంట విరామం. ఒకేసారి గంట వదిలితే సగం జారిపోతుంది.

ఇక డబ్బు దండగైనవి. వట్టివేరు మట్టిని పడుతుందన్నది నిజమే, కానీ దానికి ఎండ కావాలి, ఇక్కడ రెండో ఏడే పలచబడిపోయింది. బోస్టన్ ఫెర్న్ వానాకాలమంతా కళ్లు చెదిరేలా ఉంటుంది, మే నాటికి చీపురు. నేల మీద పాకే పసుపు పూల వెడేలియా అయితే అసలు పెట్టొద్దు. కణుపు కణుపుకూ వేరేసి కనకాంబరం మొలకలను కప్పేస్తుంది, నీడలో సరిగా పూయదు కూడా. పీకి మూడేళ్లయినా ఇప్పటికీ ప్రతి వానకు మొరం సందుల్లోంచి రెండు మూడు కొసలు తేలుతున్నాయి.